స్పోర్ట్స్ బైకుల మన్నిక, తయారీ నాణ్యత: హైదరాబాద్ రైడర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులన్నీ ప్రధానంగా 150 నుంచి 500 సీసీ వరకు ఉన్న ఫుల్ ఫెయిరింగ్ (ఇంజిన్ చుట్టూ ప్లాస్టిక్ ప్యానెళ్ల కవచం ఉన్న) బండ్ల గురించి. పెద్ద సూపర్‌బైకుల సంగతి ఒక్క ప్రశ్నలో చెప్పాం. నగరంలో రోజూ నడిపి, ఆదివారం అనంతగిరికో శ్రీశైలం రోడ్డుకో వెళ్లే వాడకాన్ని లెక్కలోకి తీసుకున్నాం.

షోరూమ్‌లో గట్టిగా అనిపించే బండి ఎక్కువ కాలం వస్తుందా?

అలాగని ఏమీ లేదు. పెయింట్ మెరుపు, ప్యానెళ్ల అమరిక, స్విచ్‌ల పట్టు తయారీ నాణ్యత కిందికి వస్తాయి. అరవై వేల కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ ఎలా ఉంటుందన్నది మన్నిక. ఈ రెండూ ఒకే బండిలో ఉండాలని లేదు. కవాసాకి నింజా 300 మన దేశంలోకి 2013లో వచ్చింది. దాని మీటర్, ముందున్న మామూలు టెలిస్కోపిక్ ఫోర్కులు ఈరోజు చూస్తే పాతకాలం సరుకే. కానీ దాని ట్విన్ సిలిండర్ ఇంజిన్‌కు ఆయిల్, కూలెంట్ సమయానికి మారిస్తే వేరే పేచీ పెట్టదు. అదే కేటీఎం ఆర్‌సీ 390లో డబ్ల్యూపీ కంపెనీ ఫోర్కులు, 320 ఎంఎం డిస్క్, రంగుల స్క్రీన్ అన్నీ ఉన్నాయి. కానీ కూలింగ్ విషయంలో దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

మా లెక్కలో చూడాల్సినవి మూడు: వేడి ఎలా బయటికి పోతోంది, అరిగే భాగం మార్చడానికి ఎంత పని పడుతుంది, ఆ భాగం ఊళ్లో ఎన్ని రోజుల్లో దొరుకుతుంది. కంపెనీ పేరు వీటి తర్వాతే.

అయినా కొనేముందు తయారీ నాణ్యతను ఎలా పరీక్షించాలి?

సేల్స్‌మన్ చూపించే ట్యాంక్ వైపు కాకుండా కింద కూర్చుని చూడండి. స్వింగ్ ఆర్మ్ వెల్డింగ్ ఒకే తీరుగా ఉందా, హ్యాండిల్ తిప్పినప్పుడు వైరింగ్ ఎక్కడైనా ఫ్రేమ్‌కు రాసుకుంటోందా, రేడియేటర్ ముందు రాళ్లు తగలకుండా జాలీ ఉందా, సైలెన్సర్ బెండ్ పైపు జాయింట్ దగ్గర అప్పుడే తుప్పు కనిపిస్తోందా చూడాలి. తర్వాత ఫెయిరింగ్. దాన్ని పట్టుకుని మెల్లగా ఊపండి. బోల్టుల దగ్గర రబ్బరు గ్రామెట్లు ఉంటే కొద్దిగా కదిలి ఆగుతుంది. ప్లాస్టిక్ నేరుగా లోహానికి బిగించి ఉంటే వణుకుకు కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది.

ఇంకొకటి, డిస్‌ప్లే బండి చూసి నిర్ణయించవద్దు. డెలివరీ ఇచ్చే మీ బండినే పగటి వెలుతురులో చూడాలి. రాత్రి ఎనిమిదికి లైట్ల కింద ఇచ్చే డెలివరీ వద్దనండి.

ఈ తరగతిలో ఏ బండి అన్నిటికంటే నమ్మకమైనది?

ఒక్క పేరు చెప్పమంటే యమహా ఆర్15. మొదటి ఆర్15 వచ్చింది 2008లో. అప్పటి 150 సీసీ ఇంజిన్ ఇప్పుడు వీవీఏతో (ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వులు తెరిచే తీరు మారే ఏర్పాటు) 155 సీసీ, 18.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) దాకా వచ్చినా, మూలం అదే పరంపర. డెల్టాబాక్స్ ఫ్రేమ్ ఏళ్ల తరబడి నలిగిన డిజైన్. స్పేర్లు గల్లీ షాపులో కూడా దొరుకుతాయి. లోపం లేదని కాదు: కూర్చునే తీరు కఠినం, గతుకుల్లో సస్పెన్షన్ గట్టిగా కొడుతుంది, ప్యానెళ్ల కొక్కేలు నాలుగుసార్లు విప్పితే విరుగుతాయి.

సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250కి కూలెంట్ రేడియేటర్ లేదు, ఆయిల్‌తోనే చల్లబరుస్తుంది. అందుకే పాడవడానికి ఉన్న భాగాలే తక్కువ: వాటర్ పంపు లేదు, కూలెంట్ హోస్‌లు లేవు. 26.5 పీఎస్‌తో గొప్పగా పరుగెత్తదు గాని, తలనొప్పి వద్దనుకునేవారికి దీన్ని మించింది లేదని మా అభిప్రాయం. మార్కెట్లో దానికి రావాల్సినంత పేరు రాలేదు.

టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 2017 డిసెంబరులో వచ్చింది. బీఎండబ్ల్యూతో కలిసి తయారుచేసిన 312 సీసీ ఇంజిన్ దీనిది. సిలిండర్ వెనక్కి వాలి ఉంటుంది. తొలి బ్యాచ్‌లలో హ్యాండిల్‌కు, ఫుట్‌రెస్ట్‌కు వచ్చే వణుకు గురించే ఎక్కువ ఫిర్యాదులు. 2019లో స్లిప్పర్ క్లచ్ (గేరు ఒక్కసారిగా దించినా వెనక చక్రం పట్టేయకుండా చూసేది), 2020లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలతో పాటు రైడ్ మోడ్‌లు వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే 2020 తర్వాతిదే తీసుకోండి. దీని ఫెయిరింగ్, పెయింట్ ఈ ధరలో వచ్చే బండ్లలో మేలైనవి.

ఆర్‌సీ 390 గురించి కింద విడిగా ఉంది. ఏప్రిలియా ఆర్ఎస్ 457కు అల్యూమినియం ఫ్రేమ్, 47.6 పీఎస్ ట్విన్ ఇంజిన్ ఉన్నాయి, బారామతిలో తయారవుతుంది. చేతికి తగిలే నాణ్యత బాగుంది. కానీ 2023 చివర్లో వచ్చిన బండి కాబట్టి దాని మన్నిక మీద ఇప్పుడే తీర్పు చెప్పేవాళ్లను నమ్మకండి. పల్సర్ ఆర్ఎస్ 200కి స్పేర్లు చవక, మెకానిక్‌లకు చేయి తిరిగిన బండి. ఫిట్టింగ్ మాత్రం ధరకు తగ్గట్టే ఉంటుంది.

ఒక సిలిండరు మంచిదా, రెండు మంచివా?

ఆర్‌సీ 390 ఇంజిన్‌లో 89 ఎంఎం బోర్ (సిలిండర్ వెడల్పు) ఉన్న ఒకే పెద్ద పిస్టన్ ఉంటుంది. నింజా 300లో 62 ఎంఎం పిస్టన్‌లు రెండు. పెద్ద పిస్టన్ ఒక్కటే పైకీ కిందికీ కొట్టుకుంటుంటే వచ్చే వణుకు బోల్టులను వదులు చేస్తుంది, నంబర్ ప్లేట్ బ్రాకెట్లను, ఇండికేటర్ కాడలను విరుస్తుంది. ట్విన్‌లో ఈ గొడవ తక్కువ. బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ దాటాక గంటసేపు 110లో పోతే ఈ తేడా అరచేతులకే తెలుస్తుంది.

అయితే రెండు సిలిండర్లంటే రెండు ప్లగ్గులు, ఎనిమిది వాల్వులు, ఎక్కువ ఆయిల్. ఊళ్లోనే తిరిగేవారికి సింగిల్ చాలు.

కేటీఎం వేడెక్కుతుందంటారు, నిజమేనా?

వేడి నిజమే. దాన్ని రెండుగా విడదీసి చూడాలి. తొడలకు తగిలే వేడి వేరు, ఇంజిన్ హద్దు దాటి వేడెక్కడం వేరు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా పాకుతుంటే ఫ్యాన్ తిరిగి, రేడియేటర్ గాలి కాళ్ల మీదికి రావడం మామూలే. అది జబ్బు కాదు. మీటర్‌లో ఉష్ణోగ్రత గడులు చివరిదాకా వెళ్లి హెచ్చరిక లైటు వెలగడం మాత్రం జబ్బే.

2013 నుంచి 2016 వరకు వచ్చిన మొదటి తరం 390 బండ్లలో ఓనర్లు ఎక్కువగా చెప్పుకున్నవి కూలెంట్ కారడం, హెడ్ గ్యాస్కెట్ పోవడం, నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోవడం. తర్వాతి తరాల్లో ఇవి బాగా తగ్గాయి. ఏ తరం బండైనా వేడెక్కితే ఈ వరుసలో చూడండి:

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ విప్పకూడదు, ఆవిరి ముఖాన కొడుతుంది.
2. బండి నిలబెట్టి స్టార్ట్‌లో ఉంచితే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, తర్వాత ఫ్యాన్ మోటారు.
3. రేడియేటర్ రెక్కల మధ్య బురద, పురుగులు. మెత్తని ధారతో వెనక నుంచి ముందుకు కడగాలి. ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది.
4. రేడియేటర్ మూత రబ్బరు. ఒత్తిడి నిలబడకపోతే కూలెంట్ త్వరగా మరుగుతుంది. సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒత్తిడి పట్టే మూత ఉంటేనే ఆ హద్దు 120 దాటుతుంది. చవక భాగమే, అయినా చాలామంది దీన్ని వదిలేసి హెడ్ విప్పిస్తారు.
5. చల్లటి ఇంజిన్‌కు మూత తీసి స్టార్ట్ చేస్తే కూలెంట్‌లో ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. ఆయిల్ అద్దంలో పాల టీ రంగు కనిపిస్తే నీళ్లు కలిసినట్టే. అక్కడి నుంచి బండి నడపవద్దు.

కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

వద్దు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. అది లోపలి నుంచి పోదు. రోడ్డు మీద చిక్కుకుపోతే షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోసి ఇంటికి రండి, తర్వాత మొత్తం దించి కొత్త కూలెంట్ పోయించండి. కలిపి అమ్మే ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్‌లో మళ్లీ నీళ్లు కలపనక్కర్లేదు. రంగు చూసి రకం నిర్ణయించకండి, ఆకుపచ్చా ఎరుపూ ఒకదానిలో ఒకటి పోయకండి. మాన్యువల్ వేరే చెప్పకపోతే రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

ఇంజిన్ పోతే బోర్ చేయించుకోవచ్చు కదా?

పాత స్ప్లెండర్‌కు చేసినట్టు సిలిండర్‌ను లోపల చెక్కి పెద్ద పిస్టన్ వేయడం వీటికి కుదరదు. ఆర్15 సిలిండర్ డయాసిల్, అంటే ఇనుప స్లీవ్ లేకుండా అల్యూమినియం సిలికాన్ మిశ్రమంతోనే పోత పోసింది. నింజా 300లో, కేటీఎంలో, ఆర్ఆర్ 310లో అల్యూమినియం మీద గట్టి పూత ఉంటుంది. ఈ గోడలు చాలా కాలం అరగవు, వేడిని త్వరగా బయటికి పంపుతాయి. కానీ ఒకసారి గీత పడిందంటే బ్లాకు, పిస్టన్ కలిపి మార్చాల్సిందే. లేత్ వర్క్‌షాపులో స్లీవ్ దిగ్గొడతామనేవాళ్లు ఉంటారు; వేడి దారి మారిపోతుంది కాబట్టి మేం ఒప్పుకోం.

గీత పడటానికి సాధారణ కారణాలు మూడు: ఆయిల్ తక్కువవడం, ఎయిర్ ఫిల్టర్ లేకుండా లేదా చిరిగిన ఫిల్టర్‌తో నడపడం, వేడెక్కినా ఆపకుండా పోవడం.

టాపెట్ సెట్టింగ్‌కు ఒక బండికి తక్కువ, ఇంకో బండికి అంత ఎక్కువ ఎందుకు తీసుకుంటారు?

టాపెట్ సెట్టింగ్ అంటే వాల్వుల సందు సరిచేయడం. ఆర్15లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే, స్క్రూ ఉన్న రాకర్‌లు. కవరు తీసి, ఫీలర్ గేజ్ పెట్టి, స్క్రూ తిప్పితే పని అయిపోతుంది. కేటీఎం 390, ఆర్ఆర్ 310, నింజా 300లో రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, సందు సరిచేయడానికి షిమ్‌లు (చిన్న లోహపు బిళ్లలు). సందు కొలవడం ఒక పని. తేడా ఉంటే క్యామ్‌లు తీసి, సరైన మందం షిమ్ తెప్పించి పెట్టడం ఇంకో పని. పైగా ఫెయిరింగ్, ట్యాంక్ ముందే విప్పాలి. అందుకే కూలీ ఎక్కువ.

"చప్పుడు రావట్లేదు కదా" అని ఊరుకోకండి. వాల్వ్ సందు బిగుసుకుపోతే చప్పుడు ఇంకా తగ్గుతుంది. వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడం కష్టమవుతుంది.

ఏ ఆయిల్ పోయాలి?

మాన్యువల్‌లో రాసిన గ్రేడ్. సీసా మీద జాసో ఎంఏ2 (బైక్ ఆయిళ్ల ప్రమాణం) ఉండాలి. కారు ఆయిల్ పోస్తే అదే ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ ప్లేట్లు జారతాయి. కొలత కూడా బండిని బట్టి మారుతుంది: ఆర్15కు లీటరు లోపే, 390కి సుమారు 1.7 లీటర్లు, నింజా 300కి రెండు లీటర్లకు కాస్త పైన. సగం వాడిన సీసా మెకానిక్ దగ్గర వదలకుండా మీరే తెచ్చుకోండి. ఎక్కువ పోయడం కూడా తప్పే. ఎయిర్‌బాక్స్‌లోకి ఆయిల్ ఎక్కుతుంది.

ముందు ఫోర్క్ నుంచి ఆయిల్ కారుతోంది. ఎంత ప్రమాదం?

తలకిందుల ఫోర్కులున్న (లావు గొట్టం పైన, సన్న గొట్టం కింద ఉండే) బండికి ఇది వాయిదా వేసే పని కాదు. వాటిలో సీల్ కింది వైపు ఉంటుంది. కారిన ఆయిల్ నేరుగా కాలిపర్, ప్యాడ్‌ల మీదికి దిగుతుంది. బ్రేక్ వేస్తే పట్టదు.

సీల్ మార్చే ముందు ఒక్కసారి శుభ్రం చేసి చూడవచ్చు. డస్ట్ సీల్‌ను మెల్లగా కిందికి దించి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కను సన్నగా కత్తిరించి సీల్ పెదవికీ గొట్టానికీ మధ్య చుట్టూ తిప్పితే ఇరుక్కున్న దుమ్ము బయటికి వస్తుంది. మెట్రో పనులు, ఫ్లైఓవర్ పనులు జరిగే రోడ్ల మీద రోజూ తిరిగే బండ్లకు చాలాసార్లు దీంతోనే ఆగిపోతుంది. గొట్టం మీద గోటికి తగిలే గీత ఉంటే మాత్రం కొత్త సీల్ కూడా నిలవదు. ఆయిల్ అంటిన ప్యాడ్‌లను పెట్రోల్‌తో కడిగి మళ్లీ పెట్టకండి, మార్చండి.

బ్యాటరీ ఊరికే దిగిపోతోంది. బండి నాణ్యత లేనిదా?

ముందు మల్టీమీటర్ తీసుకోండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, ఇంజిన్ 5,000 ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 13 దాటకపోతే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్‌నో, బ్యాటరీకి వెళ్లే వోల్టేజ్‌ను అదుపు చేసే రెక్టిఫైయర్‌నో చూడాలి. 15 దాటితే రెక్టిఫైయర్ పోయినట్టే, అలాగే నడిపితే బ్యాటరీ ఉబ్బి ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) కూడా ముప్పు. రెక్టిఫైయర్‌కు వేడే శత్రువు. దాని చుట్టూ గాలి ఆడకుండా అలారం, అదనపు లైట్ల వైర్లు కుక్కితే అది త్వరగా పోతుంది.

వోల్టేజ్ అంతా సరిగానే ఉంటే రెండు అనుమానాలు. ఒకటి, బయట పెట్టించిన హారన్, లైట్లు. రెండోది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకలు. వారాల తరబడి కవరు కప్పి పెట్టిన బండి సీటు కింద అవి గూడు పెట్టి వైర్లు కొరకడం ఈ ఊళ్లో కొత్తేమీ కాదు. కంపెనీని తిట్టే ముందు సీటు విప్పి చూడండి.

వాన నీళ్లలో బండి మునిగితే?

స్టార్ట్ చేయకండి. ఎయిర్‌బాక్స్‌లోకి నీరు పోయి ఉంటే మొదటి సెల్ఫ్‌తోనే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీరు నలగదు కాబట్టి. తోసుకుంటూ తీసుకెళ్లి ప్లగ్ విప్పి, ఎయిర్ ఫిల్టర్ చూసి, ఆయిల్ రంగు చూసి ఆపైన స్టార్ట్ చేయాలి. వీల్ బేరింగులు, చైను తర్వాత వారంలో చూసుకోవచ్చు.

విదేశీ సర్వేల్లో జపాన్ బండ్లే ముందుంటాయి. అవి మనకు పనికొస్తాయా?

కొంతవరకే. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ 2015లో వేసిన అంచనా ప్రకారం నాలుగేళ్ల వయసున్న బండ్లలో రిపేరుకు వచ్చినవి యమహా 11 శాతం, సుజుకి, హోండా 12 చొప్పున, కవాసాకి 15; ట్రయంఫ్ 29, డుకాటి 33, బీఎండబ్ల్యూ 40 శాతం. కానీ అక్కడి బీఎండబ్ల్యూ అంటే ఎక్కువగా ఎలక్ట్రానిక్స్ నిండిన పెద్ద టూరింగ్ బండి. ఇక్కడి జీ 310 ఆర్ఆర్ హోసూరులో టీవీఎస్ కర్మాగారంలో ఆర్ఆర్ 310కి తోబుట్టువుగా పుట్టింది. ఆ 40 శాతాన్ని తెచ్చి దీనికి అంటించడం కుదరదు.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైక్ తీసుకుంటే ఏం చూడాలి?

పడిన బండి అవునో కాదో ముందు తేల్చాలి, ఎందుకంటే కొత్త ఫెయిరింగ్ కిట్ వేస్తే అంతా దాగిపోతుంది. దాగనివి: హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఫ్రేమ్‌కు ఆనే స్టాపర్ మీద నొక్కు, బ్రేక్ లివర్ కొస, ఫుట్‌రెస్ట్ చివర, ఇంజిన్ పక్క కవరు మీద రాపిడి లేదా కొత్త రంగు. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. మధ్యలో టక్కున ఆగినట్టుంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది.

తర్వాత చైన్. వెనక స్ప్రాకెట్ వెనక భాగంలో చైన్‌ను పట్టి లాగితే పన్ను సగానికి మించి కనిపిస్తే మొత్తం సెట్ మార్చాలి, ఆ డబ్బు ధరలోంచి తగ్గించమనండి. నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్టు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి; 3221 అంటే 2021లో 32వ వారం. టైరు మీద బటన్లు (గాడుల మధ్య దిమ్మెలు) బాగున్నా ఐదారేళ్ల రబ్బరు గట్టిపడి మలుపులో జారుతుంది. ఇంజిన్ మాత్రం చల్లగా ఉండగానే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే వేడి చేసి పెట్టి ఉంటే మరుసటి రోజు పొద్దున్నే మళ్లీ వస్తామనండి.

కాగితాల దగ్గర ఒక చిన్న ఆధారం. తెలంగాణలో కొత్త నంబర్లు టీజీతో మొదలైంది 2024 మార్చిలో. 2019 మోడల్ అని చెబుతున్న బండికి టీజీ నంబరుంటే అది వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టరై ఉండొచ్చు. పాత రాష్ట్రంలోని చరిత్ర అడగండి. ఇంకా ఇతర రాష్ట్రం నంబరే ఉంటే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఖర్చు మీ నెత్తినే పడతాయి. పేరు మార్చే ఫారం 29, 30, లోన్ ఉంటే దాన్ని ఆర్‌సీలోంచి తీయించే ఫారం 35, పెండింగ్ చలాన్లు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలుస్తోందా అన్నవి చూశాకే అడ్వాన్స్.

స్పేర్లు నగరంలో ఎక్కడ దొరుకుతాయి?

ఆర్15, పల్సర్‌లకు కోఠి, పుత్లీబౌలి వైపు షాపుల్లో దాదాపు అన్నీ. బ్రేక్ ప్యాడ్‌లు, సీళ్లు, బేరింగులు కొనేటప్పుడు ప్యాకెట్ మీద పార్ట్ నంబర్ మీ మాన్యువల్‌తో సరిచూసుకోండి, నకిలీ సరుకు చాలా ఉంది. నింజా, ఏప్రిలియా బాడీ ప్యానెళ్లకు షోరూమ్ ఆర్డరే దిక్కు. కొనకముందే సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఎడమ ఫెయిరింగ్, క్లచ్ లివర్, రేడియేటర్ ధరలూ ఎన్ని రోజుల్లో వస్తాయో అడగండి. సేల్స్ కౌంటర్‌లో అడిగితే అన్నీ రెడీగా ఉన్నాయనే చెబుతారు.

నా బండికి రీకాల్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

లోపం బయటపడ్డ బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడమే రీకాల్. వాహన కంపెనీల సంఘం సియామ్ వెబ్‌సైట్‌లోని రీకాల్ పేజీ చూడండి, షోరూమ్‌లో ఛాసిస్ నంబర్ ఇచ్చి కూడా అడగండి. 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఆదేశించి రీకాల్ చేయించే నిబంధన కూడా ఉంది. రీకాల్ పని ఉచితం. రీకాల్ వచ్చిందంటే బండి చెడ్డదని అర్థం కాదు; తప్పు దొరికాక సరిచేసే కంపెనీ, సరిచేయని కంపెనీ కంటే మేలు.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్‌తో పాత బండ్లకు ఇబ్బందా?

2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్ల భాగాలు ఈ20ని తట్టుకునేలా ఉంటాయి. అంతకుముందు వాటిలో ఇంధన హోస్‌లు, రబ్బరు సీళ్లు ఏడాదికోసారి చూడాలి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టడం మంచిది కాదు.

సూపర్‌బైక్ తీసుకోవాలనుకుంటున్నాం. ఇవే లెక్కలా?

కాదు. హయబుసా 1,340 సీసీ ఇంజిన్‌కు మన్నికలో మంచి పేరుంది. డుకాటి డెస్మో వాల్వులకు (స్ప్రింగ్‌తో కాకుండా రాకర్‌తోనే మూసుకునేవి) తెరిచే సందు, మూసే సందు రెండూ సరిచేయాలి కాబట్టి ఆ సర్వీసుకు చేయి తిరిగిన టెక్నీషియనే కావాలి. పైగా టూవీలర్లకు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద అనుమతి లేదు. లీటర్ బండి కొన్నవారు ఎక్కువసేపు గడిపేది గచ్చిబౌలి సిగ్నళ్ల దగ్గర మొదటి గేరులోనే. అలాంటి వాడకంలో ముందు అరిగేది క్లచ్, ఎక్కువ పనిచేసేది రేడియేటర్ ఫ్యాన్. టెస్ట్ రైడ్‌ను సాయంత్రం ఆరు గంటలకు అడగండి, తెల్లవారుజామున కాదు.